వరస మారిన మార్కులు

"పెట్టిన సంతకం కొట్టేస్తారా ఎవరైనా?"

కాగితం బల్ల మీద పరిచి అడిగాడు భర్త. కూతుర్ని హాస్టలు కాలేజీలో చేర్చే ఫారం అది. కింద తల్లి సంతకం ఉండాల్సిన చోట నీలం సిరాతో సంతకం ఉంది, దాని మీద అడ్డంగా రెండు గీతలు ఉన్నాయి. ఆ గీతలు పొద్దున్న ఆరింటికి పడ్డాయి. ఏడయ్యేసరికి ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు.

"నిన్నే అడుగుతున్నాను," అన్నాడాయన మళ్ళీ.

ఆవిడ బ్యాగు సర్దుకుంటోంది. పదకొండేళ్ళుగా హైస్కూల్లో కంప్యూటర్ టీచరు. పిల్లలకి ఉత్తరం టైపు చెయ్యడం, పట్టికలు గియ్యడం, షీటులో లెక్కలు వెయ్యడం నేర్పుతుంది. క్లాసులో ఒక ప్రశ్న అడిగితే నాలుగు రకాలుగా చెప్పే మనిషి ఇంట్లో రెండ్రోజులుగా బెల్లం కొట్టిన రాయిలా ఉంది.

"మొన్నటిదాకా నువ్వేగా తల్లీ, సీటొచ్చింది సీటొచ్చిందని వీధంతా చెప్పుకున్నావు," అంది అత్తగారు వంటింటి గుమ్మంలోంచి. "ఇప్పుడేం పుట్టింది? పిల్లని వదిలి ఉండలేవా? ఉండలేకపోతే చెప్పు, నేనెళ్ళి ఆ హాస్టల్లో దానికి తోడుంటాను. నాకూ ఈ వంటింటి గొడవ తప్పుతుంది."

ఇంకో రోజైతే అందరూ నవ్వేవాళ్ళు. అత్తగారు కూడా కాసేపు చూసి, నవ్వెవరికీ రాకపోయేసరికి లోపలికి వెళ్ళిపోయింది.

ముందు గదిలో కూతురు బట్టలు మడత పెడుతోంది. ఇంట్లో దాన్ని పిచ్చుక అంటారు. పుట్టినప్పుడు అంతే ఉండేదట. ఇప్పుడు తల్లికంటే రెండంగుళాలు పొడుగు. పేరు మాత్రం మారలేదు.

భర్త లేచి ఆ గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. బస్టాండులో టికెట్ల కౌంటరు ఆయన ఉద్యోగం. రోజంతా కిటికీ అవతలి జనానికి వినపడేలా అరిచి అరిచి, ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడటం ఆయనకి చేతకాదు. ఇవాళ తగ్గించాడు.

"జరిగిందేదో జరిగిపోయింది. నువ్వు కావాలని చెయ్యలేదు కదా."

"చెయ్యలేదు."

"ఎవరికీ తెలీదు కదా."

"ఆ పిల్లకి తెలియాలి కదండీ."

"ఆ పిల్ల ఎలాగూ బడి మానేసింది."

"ఎందుకు మానేసింది?" అందావిడ. "మీరే చెప్పండి, ఎందుకు మానేసింది?"

మొన్న సాయంత్రం ఈ సంగతంతా విన్నది ఆయనొక్కడే.

జరిగిన తప్పు ఎలాంటిదంటే, ఇంకెవరికి జరిగినా టీచరే అందరికంటే ముందు నవ్వేది. పాఠం చెప్పడంలో ఆవిడకో పద్ధతి ఉంది. ముందు తప్పు చేసి చూపిస్తుంది, తర్వాత ఒప్పు చూపిస్తుంది. ఏటా తొమ్మిదో తరగతికి పేర్లని అక్షరక్రమంలో పేర్చడం నేర్పేటప్పుడు, మొత్తం పట్టికని సెలెక్ట్ చెయ్యకుండా పేర్లున్న నిలువు వరస ఒక్కటే సెలెక్ట్ చేసి మీట నొక్కుతుంది. పేర్లన్నీ లేచి వేరే చోట్లకి పోతాయి. పక్కనున్న మార్కులు కదలవు. దాంతో పాఠాలు ముట్టుకోనివాడికి నలభై ఎనిమిది, ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్లకి పన్నెండు. క్లాసంతా గొల్లుమంటుంది. "నవ్వండి నవ్వండి, రేపు ఉద్యోగంలో ఇలా చేస్తే మీ మేనేజరు నవ్వడు," అని, చేసిన పనిని వెనక్కి తిప్పే మీట నొక్కి పట్టికని మళ్ళీ బాగుచేస్తుంది. పిల్లలు నవ్విన పాఠం మర్చిపోరని ఆవిడ నమ్మకం.

ఈ ఏడు ఎప్పుడూ వాడే నమూనా పట్టిక తెరుచుకోలేదు. పదో తరగతి ప్రాక్టికల్ మార్కులు అప్పుడే కంప్యూటర్లోకి ఎక్కించి ఉన్నాయి. పరీక్షలో పిల్లలు కూర్చున్న వరసలో ఇరవై ఎనిమిది పేర్లు, పక్కన యాభైకి వచ్చిన మార్కులు. గబగబా దాన్నే తెర మీద వేసింది. పేర్లు కదిలించింది. పిల్లలు నవ్వారు. వెనక్కి తిప్పే మీట నొక్కకముందే గంట కొట్టారు. మార్పులు సేవ్ చెయ్యమంటారా అని మెషిన్ అడిగితే, పిల్లలతో పాటు నవ్వుతూ, చెయ్యమంది.

సాయంత్రం ఆఫీసు గుమాస్తా వచ్చి ఆ పట్టికనే ప్రింటు తీసుకుపోయాడు. ఇరవై ఎనిమిది మందిలో ఎవరి మార్కులూ వాళ్ళవి కావు. కంప్యూటర్ చెప్పింది కదా అని ఎవరూ అడగలేదు. ఈ మార్కుల్లో ఫస్టొచ్చినవాళ్ళకి హాస్టలు కాలేజీ ఇచ్చే, బడి మొత్తానికి ఒక్కటే ఉన్న ఉచిత సీటు నలభై తొమ్మిది వచ్చిన పిల్లకి వెళ్ళింది. ఆ పిల్ల టీచరు కూతురు.

అసలా నలభై తొమ్మిదీ వడగళ్ళు అనే పిల్లవి. కీబోర్డు మీద ఆ పిల్ల చేతులు పడితే రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు ఉంటుందని క్లాసు పెట్టుకున్న పేరు అది. వడగళ్ళ పేరు పక్కన పదిహేడు పడింది. తప్పింది. తప్పిన మర్నాడు స్టాఫ్ రూము బయట గంటసేపు నిలబడి, టీచరు వచ్చాక అడిగింది.

"నేనెక్కడ తప్పు చేశాను టీచర్?"

పరీక్షలో ఆ పిల్ల చేసిన జవాబు ఫైలు ఒక్కసారి తెరిచి చూస్తే సరిపోయేది. టీచరు ఆ రోజు కూతురికి సీటొచ్చిన సంతోషంలో ఉంది. "కంగారు పడి ఉంటావమ్మా," అంది, భుజం తట్టింది, వెళ్ళిపోయింది. నెల తిరిగాక, మొన్న, ఆ పిల్ల బడికి రావడం లేదని తెలిసి, పాపం ఎక్కడ పొరబడిందో చూద్దామని ఫైలు తెరిచింది. పొరబాటు లేదు. బీరువాలోంచి తను చేత్తో రాసుకున్న మార్కుల కాగితం తీసి చూస్తే, ఆ పిల్ల పేరు పక్కన నలభై తొమ్మిది ఉంది.

"పిచ్చుక మొహం చూశావా ఈ నెల రోజుల్లో?" అన్నాడు భర్త. "నీ కూతురని తప్ప దానికి బళ్ళో ఒక పేరంటూ లేదు. ఇన్నాళ్ళకి అది తలెత్తుకుని నడుస్తోంది. నీ చేత్తో నువ్వే దించుతావా?"

"మరి ఆ పిల్ల తల నేనే దించాను కదండీ."

"అది మన పిల్ల కాదు."

ఆ మాట అన్నాక ఆయనకే బాగున్నట్టు లేదు. టీ గ్లాసు తీసుకుని, తాగకుండానే మళ్ళీ కింద పెట్టాడు.

తలుపు తెరుచుకుంది. పిచ్చుక గుమ్మంలో నిలబడింది. ఎంత విన్నదో తెలీదు.

"నేను వెళ్ళడం నీకిష్టం లేదా అమ్మా?"

"సాయంత్రం మాట్లాడుకుందాం."

"ఇప్పుడు చెప్పొచ్చుగా."

"సాయంత్రం అన్నానుగా," అంది ఆవిడ, క్లాసులో అనే గొంతుతో. పిచ్చుక తలూపి లోపలికి వెళ్ళిపోయింది. ఆ గొంతు విని తలూపడం దానికి అలవాటే.

* * *

హెడ్మాస్టరు ఆవిడ చేత్తో రాసిన కాగితాన్నీ ప్రింటునీ పక్కపక్కన పెట్టుకుని, స్కేలు ఒక్కో పేరు కిందికి జరుపుతూ ఇరవై ఎనిమిదీ చూశాడు. చూడటం అయ్యాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మేడం, ఇంకెవరికైనా చెప్పారా?"

"మా ఆయనకి చెప్పాను సార్."

"ఆయనేమన్నారు?"

"ఊరుకోమన్నారు."

"మంచి మాటే చెప్పారు." అని స్కేలు పక్కన పెట్టాడు. "నేను కూడా అదే అంటానని వచ్చారా, అననని వచ్చారా?"

ఆయన ఊరుకోమంటే బాగుండునని మెట్లెక్కేటప్పుడు ఆవిడ ఒక్క క్షణం అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది.

"చూడండి," అన్నాడాయన. "మీది ఏడాదికేడాది కాంట్రాక్టు రాసుకునే ఉద్యోగం. మీరు రాతలో ఇస్తే నేను పైకి పంపక తప్పదు. పంపాక వచ్చే ఏడు మిమ్మల్ని తీసుకోమని నేను అడిగినా వాళ్ళు వినరు. తొమ్మిదో తరగతి పిల్లల ముందు మార్కుల పట్టిక తెరిచారన్నది ఇంకో తప్పు."

"తెలుసు సార్."

"మీ అమ్మాయి ఎప్పుడు చేరుతోంది?"

"సోమవారం అనుకున్నాం."

"ఒకసారి చేరిందంటే ఆ సీటు ఇక మారదు. అది వాళ్ళ రూలు. మార్కులు సరిచేస్తారు గాని సీటు వెనక్కి రాదు. చేరకముందు మీ ఉత్తరం నాకు ముడితే నేను కాలేజీకి ఫోన్ చేస్తాను, ఆ నిమిషమే ఆపేస్తారు. రేపు శనివారం, తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆఫీసులో ఉంటాను." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "రాకపోతే, ఈ కాగితాలు నేను చూడలేదు."

చేతి కాగితం మడిచి ఆవిడకే తిరిగి ఇచ్చేశాడు. ఆయన మంచివాడో కాదో ఆవిడకి ఆ పూట తేల్చుకునే ఓపిక లేదు. కింద ల్యాబులో తొమ్మిదో తరగతి ఎదురుచూస్తోంది. వెళ్ళి, ఉత్తరంలో చిరునామా ఎక్కడ రాయాలో చెప్పింది. ముందు తప్పు చేసి చూపించలేదు. టీచర్ ఇవాళ నవ్వించలేదేమిటని వెనక వరసలో ఎవరో గొణిగారు.

* * *

లాండ్రీ వెనక గదిలో ఆవిరి పొగ. వడగళ్ళు స్టూలు మీద కూర్చుని, ఉతకడానికొచ్చిన చొక్కాల కాలర్లకి అంకెలున్న గుడ్డముక్కలు పిన్నులతో గుచ్చుతోంది. అక్కడ కూడా చేతులు చకచకా పడుతున్నాయి. టీచరుని చూసి లేచి నిలబడింది.

పిల్లని పెంచుతున్న బాబాయి ఇస్త్రీ పెట్టె పక్కకి పెట్టాడు. "రండమ్మా," అన్నాడు మర్యాదగానే. కూర్చోడానికి చోటు లేదు. మూటలు పక్కకి జరిపి చోటు చేశాడు.

టీచరు కూర్చోలేదు. నిలబడే చెప్పింది. పేర్లు ఎలా కదిలాయో, మార్కులు ఎలా ఉండిపోయాయో, గంట ఎలా కొట్టారో. మొదట బాబాయికి అర్థం కాలేదు. రెండోసారి వడగళ్ళు చెప్పింది ఆయనకి, ఆ చొక్కాల మీదే వేలు పెట్టి చూపిస్తూ. చొక్కాలు జరిపి గుడ్డముక్కలు జరపకపోతే ఎవరి చొక్కా ఎవరింటికి పోతుందో అలా, అంది. అప్పుడు అర్థమైంది ఆయనకి.

"అయితే ఇది తప్పలేదా?"

"తప్పలేదు. అందరికంటే ఎక్కువ దీనికే."

"ఎన్నొచ్చాయి టీచర్?" అంది వడగళ్ళు.

"నలభై తొమ్మిది."

"ఆ ఒక్కటీ ఎందుకు పోయింది?"

"ఉత్తరంలో తేదీ కుడివైపు పెట్టమంటే ఎడమవైపు పెట్టావు."

"అవును," అంది ఆ పిల్ల. "పెట్టాను."

పక్కకి పెట్టిన ఇస్త్రీ పెట్టె కింద చొక్కా అంచు కమురు వాసన వేస్తే, బాబాయి చటుక్కున తీసి చూసుకున్నాడు.

"దీనికి కంప్యూటర్ అబ్బదని మీ కాగితమే చెప్పింది కదమ్మా," అన్నాడు. "నేను చదువుకోలేదు. కాగితంలో ఉంటే నిజమే అనుకున్నాను. పదిహేడొచ్చినదాన్ని ఇంకా ఎక్కడికి పంపుతాను? రాత్రనక పగలనక ఏడుస్తుంటే నేనే, చేతిలో పనుంటే మర్చిపోతావని ఇక్కడ కూర్చోబెట్టాను. ఇప్పుడు ఇంకో కాగితం తెస్తారా?"

"తెస్తాను. రేపు తొమ్మిదింటికి ఇద్దరూ బడికి రండి. మీ ఎదురుగానే రాసిస్తాను."

"మీ అమ్మాయి సీటు కదా అది," అంది వడగళ్ళు.

"నీ సీటు."

ఆ పిల్ల చేతిలో పిన్ను తిప్పుతూ నిలబడింది. సంతోషిస్తుందనుకుంది టీచరు. ఆ మొహంలో సంతోషం వెతుక్కుంది. లేదు.

"ఆ రోజు మీరు కంగారు పడ్డానన్నారు కదా టీచర్."

"అన్నాను."

"నేను పడలేదు. నాకు బాగా గుర్తుంది, పావుగంట ముందే అయిపోయింది నాకు, రెండుసార్లు చూసుకున్నాను. కానీ మీరన్నారు కదా అని, పడ్డానేమో అనుకున్నాను. తర్వాత బాబాయి అడిగితే కంగారు పడ్డానని చెప్పాను. పక్కింటి వాళ్ళకీ అదే చెప్పాను. చెప్పగా చెప్పగా నిజంగానే కంగారు పడ్డట్టు గుర్తుకొచ్చేది."

టీచరుకి క్షమించమనాలని అనిపించింది, ఆ మాట చాలా చిన్నదిగా తోచి అనలేకపోయింది.

"రేపు వస్తే ఈసారి ఖాయమేనా టీచర్?"

"ఖాయమే."

"బాబాయి సగం పూట పని పోతుంది, అందుకని అడిగాను," అంది వడగళ్ళు, అడిగినందుకు తప్పు చేసినట్టు.

* * *

సాయంత్రం ఆరింటికి పిచ్చుకని ఎదురుగా కూర్చోబెట్టుకుని, హెడ్మాస్టరు అన్న మాటలూ రేపు వడగళ్ళని బడికి రమ్మన్న సంగతీ కలిపి, అంతా చెప్పింది. అత్తగారు పక్కనే ఉంది. భర్త డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

ఏడుస్తుందనుకుంది. అరుస్తుందనుకుంది. దేనికైనా సరే సిద్ధపడే కూర్చుంది ఆవిడ. పిచ్చుక చివరిదాకా విని ఒక్కటే అడిగింది.

"అయితే నువ్వు వెయ్యలేదా?"

"ఏమిటే?"

"ఆ నలభై తొమ్మిది. నువ్వే వేశావనుకున్నాను."

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది.

"మూడో ప్రశ్న నేను రాయనే లేదమ్మా," అంది పిచ్చుక. "పరీక్షలో నా వెనకనుంచి రెండుసార్లు నడిచెళ్ళావు నువ్వు, చూశావు కూడా. పాసైతే చాలనుకున్నాను. లిస్టులో నలభై తొమ్మిది కనిపించింది. మా అమ్మ వేసిందనుకున్నాను."

"నేనెందుకు వేస్తానే అలాగ?"

"అదేగా. ఎందుకు వేస్తావు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఆవిడకి తేలికగా ఉండేది.

"తప్పని తెలుసు నాకు. అయినా సంతోషం వేసింది. ఏడాదంతా స్పేస్ బార్ బిగుసుకుపోయిన మెషిన్ నాకే ఇచ్చావు, సొంత కూతురికి మంచిది ఇచ్చిందంటారని. క్లాసులో పేరు పెట్టి పిలవవు, ఆఖరి వరస అంటావు. నేను చెయ్యెత్తితే పక్కవాళ్ళని అడుగుతావు. అలాంటిది, ఒక్కసారి నాకోసం తప్పు చేసింది కదా అనుకున్నాను. నీకు సిగ్గుగా ఉంటుందని నీ దగ్గర కూడా ఎత్తలేదు. నెల రోజులు దాచాను."

నెల రోజులు కూతురు తలెత్తుకుని నడిచింది సీటు చూసుకుని అనుకున్నారు ఆ ఇంట్లో అందరూ. తల్లి చెయ్యి పట్టుకోబోతే పిచ్చుక తన చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

"నాకు నిజంగా ఎన్ని వేశావు?"

కాస్త ఎక్కువ చెబుదామని నోటిదాకా వచ్చింది. నలభై అంటే పోయేదేముంది.

"ముప్పై ఒకటి."

"ఊఁ," అంది పిచ్చుక. "నువ్వు వేస్తే అన్నే వస్తాయి."

"పిచ్చిపిల్లా, అమ్మ సంగతి తెలీదూ నీకు..." అని అత్తగారు ఏదో సర్దబోయింది.

పిచ్చుక లేచి బల్ల మీది ఫారం తీసుకుంది. గోడ దగ్గరున్న తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, పొద్దున బస్సెన్నింటికి?"

"సోమవారం కదమ్మా..."

"రేపు పొద్దున."

"ఏడున్నరకుంది," అన్నాడాయన. ఎవరడిగినా టైము చెప్పే నోరు, ఆలోచించేలోపే చెప్పేసింది.

"ఎప్పటికి చేరుతుంది?"

"పదిన్నర అవుతుంది."

"రేపు అక్కడ చేర్చుకుంటారు, ఫారంలో ఉంది. అమ్మా నాన్నల్లో ఒకరి సంతకం చాలని కూడా ఉంది. కాగితం మొత్తం చదవకుండా ఏదీ నొక్కొద్దని క్లాసులో అమ్మే చెప్పింది." తల్లి వైపు చూసింది. "వడగళ్ళని తొమ్మిదింటికి రమ్మన్నావు కదా. నువ్వు రాసిస్తే నన్ను గేటు దగ్గరనుంచే తిప్పి పంపిస్తారు. పంపించనీ."

"ఎందుకే అంత దూరం వెళ్ళి, నలుగురిలో..." అంది తల్లి.

"రాయకపోతే చేరిపోతాను. నాకోసమే ఊరుకున్నావని తెలుస్తుంది. రాస్తే తిరిగొస్తాను. అప్పుడూ తెలుస్తుంది. ఏదైనా ఈసారి పొరబాటున జరగదు కదమ్మా, నువ్వే చేస్తావు."

ఫారం తండ్రి ముందు పెట్టింది. ఖాయమేనని లాండ్రీ గదిలో తను ఇచ్చిన మాట కూతురికి చెప్పాలని, ఆ రెండో పిల్ల ఎంతగా నమ్మి అడిగిందో చెప్పాలని తల్లి నోరు తెరిచింది. ఏం చెప్పినా ఆ పిల్ల తరఫున మాట్లాడినట్టే ఉంటుంది.

భర్త ఆవిడ వైపు చూడలేదు. జేబులోంచి పెన్ను తీసి, కొట్టేసిన సంతకం పక్కన ఖాళీ ఎంతుందో చూసుకుంటున్నాడు.